మార్కెటింగ్‌లోకి అప్రెంటిస్‌షిప్ దారి: ఎక్కడ వెతకాలి, ఏది చూసి చేరాలి, ఏడాదిలో ఏమి నేర్చుకోవాలి

డిగ్రీ చేతికొచ్చింది. మార్కెటింగ్‌లో స్థిరపడాలని ఉంది. కానీ ఏ ప్రకటన చూసినా రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ చిక్కులోంచి బయటపడటానికి మన దేశంలో చట్టబద్ధమైన దారి ఒకటి ఉన్నా, బీకాం, బీఏ, బీబీఏ చదివినవారిలో చాలామందికి దాని సంగతే తెలియదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఫిట్టర్లకు, టర్నర్లకు, ఎలక్ట్రీషియన్లకు మాత్రమే అనుకుంటారు. 2014లో చేసిన సవరణతో ఇంజినీరింగేతర డిగ్రీలవారికి కూడా అందులో చోటు దక్కింది. ఇప్పుడు మార్కెటింగ్ విభాగంలో కూర్చుని, నెలనెలా స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు.

అలాగని ఏ అప్రెంటిస్‌షిప్ అయినా ఒకటే అనుకోవద్దు. ఏడాది తిరిగేసరికి మీకు పని వచ్చిందా లేదా అనేది బోర్డు మీద ఉన్న కంపెనీ పేరును బట్టి తేలదు. ప్రకటనల మీద పెట్టిన రూపాయి చివరికి అమ్మకంగా మారిందో లేదో మీ కంటికి కనిపించే చోట మిమ్మల్ని కూర్చోబెట్టారా అన్నదే అసలు విషయం. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఈ ఒక్క ప్రశ్నను వెంట ఉంచుకోండి.

1. మీకు ఏ మార్కెటింగ్ కావాలో ముందు తేల్చుకోండి

మన ఊళ్లలో ‘మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌లు కావలెను’ అని కనిపించే ప్రకటనలు చాలావరకు అమ్మకాల ఉద్యోగాలకు సంబంధించినవే. దుకాణం దుకాణానికీ తిరగడం, నెలవారీ టార్గెట్, దాని మీద కమీషన్. అది తక్కువ పనేమీ కాదు. విత్తనాలు, పురుగుమందులు, ఔషధాలు, నిత్యావసర సరుకుల కంపెనీల్లో పైస్థాయికి ఎదిగినవారిలో చాలామంది మొదట ఎండలో తిరిగినవారే. రైతుల పొలంలో ప్రదర్శన మడి వేసి, పంట తేడాను కళ్లకు కట్టి, ఊరంతటినీ పిలిచి చూపించడం కూడా మార్కెటింగే. అందులో రాణించినవారికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. కాకపోతే మీరు కోరుకున్నది అదేనా అన్నది చేరకముందే తెలియాలి.

రెండోది డిజిటల్ మార్కెటింగ్. గూగుల్‌లో వెతికినప్పుడు కనిపించే ప్రకటనలు, సోషల్ మీడియా, వెబ్‌సైట్ రాతలు, ఎస్ఎంఎస్, వాట్సాప్ సందేశాలు అన్నీ ఇందులోకే వస్తాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఏజెన్సీలలోనూ, ఆస్పత్రులు, కళాశాలలు, నగల దుకాణాలు, స్థిరాస్తి సంస్థల సొంత విభాగాలలోనూ కొత్తవారికి ఎక్కువగా దొరికేది ఇదే. మూడోది బ్రాండ్, మార్కెట్ పరిశోధన. ఇక్కడికి ఎంబీఏలు ఎక్కువగా వస్తారు. అప్రెంటిస్‌గా నేరుగా చేరడం కష్టమే గానీ, మొదటి రెండింటిలో ఏదో ఒకటి చేశాక అటు మళ్లవచ్చు.

ఏజెన్సీలో చేరాలా, ఒక సంస్థ సొంత విభాగంలో చేరాలా? ఏజెన్సీలో పది రకాల వ్యాపారాలు చూస్తారు, వేగం అలవడుతుంది. కానీ క్లయింటు దుకాణంలో చివరికి ఎంత అమ్ముడైందో ఏజెన్సీకి తెలియకపోవడం మామూలే. సొంత విభాగంలో ఒకే వ్యాపారాన్ని లోతుగా చూస్తారు, అమ్మకాలవారు పక్క బల్ల దగ్గరే ఉంటారు. మొదటి ఏడాదికి నన్నడిగితే రెండోదే మేలంటాను.

2. అప్రెంటిస్‌షిప్ అంటే ఏదో, ఏది కాదో తెలుసుకోండి

ఇంటర్న్‌షిప్ అనేది కళాశాలకూ కంపెనీకీ మధ్య ఏర్పాటు. అందులో డబ్బు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. అప్రెంటిస్‌షిప్ అంటే చట్టం కింద రాసుకునే ఒప్పందం. దానికి కనీస స్టైపెండ్ ఉంటుంది, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు ఉంటుంది, చివర ధ్రువపత్రం ఉంటుంది. అమీర్‌పేటలో డబ్బు కట్టి నేర్చుకునే కోర్సు ఈ రెండిట్లో ఏదీ కాదు. ఆ కోర్సు వల్ల ఉపయోగం ఉండవచ్చు, కానీ దాన్ని అప్రెంటిస్‌షిప్ పేరుతో అమ్ముతుంటే జాగ్రత్తపడండి. రిజిస్ట్రేషన్ రుసుము, సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్, ఏ పేరుతో అడిగినా సరే, అప్రెంటిస్ కంపెనీకి డబ్బు కట్టే పద్ధతి లేదు. డబ్బు అడిగిన చోట మాట అక్కడితో ఆపేయండి.

ఒక సంగతి ముందే తెలిసి ఉంటే తర్వాత మనసు కష్టపడదు. చట్టం దృష్టిలో మీరు శిక్షణార్థి, ఉద్యోగి కారు. భవిష్య నిధి వర్తించదు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కంపెనీకి లేదు. అందుకే ఆ ఏడాదిలో మీరు కూడబెట్టుకునే పనికి అంత విలువ.

3. నాట్స్, నాప్స్: మీది ఏ గుమ్మం?

ఈ రెండు పథకాలూ ఒకే చట్టం కింద నడుస్తాయి, కానీ గుమ్మాలు వేరు.

నాట్స్ అంటే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం. కేంద్ర విద్యాశాఖ నడుపుతుంది. డిగ్రీ, డిప్లొమా పూర్తి చేసినవారికి ఇది. తెలుగు రాష్ట్రాల అభ్యర్థుల వ్యవహారాలు చెన్నై తరమణిలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. శిక్షణ సాధారణంగా ఏడాది. నోటిఫికేషన్లలో తరచుగా కనిపించే షరతులు రెండున్నాయి: డిగ్రీ పూర్తయి ఐదేళ్లు దాటకూడదు, ఏడాది లేదా అంతకు మించిన ఉద్యోగానుభవం ఉండకూడదు.

నాప్స్ అంటే జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం. 2016లో మొదలైంది. నైపుణ్యాభివృద్ధి శాఖది. పదో తరగతి, ఇంటర్, ఐటీఐ చదివినవారి నుంచి డిగ్రీవారి దాకా ఇందులో అవకాశం ఉంది. మార్కెటింగ్, రిటైల్, డిజిటల్ పనులు ఇక్కడ ‘ఆప్షనల్ ట్రేడ్’లుగా వస్తాయి (ట్రేడ్ అంటే శిక్షణ ఇచ్చే పని). వాటి కాలం 6 నెలల నుంచి 36 నెలల వరకు ఉంటుంది.

డబ్బు సంగతి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ నెలకు పదో తరగతి వారికి 6,000, ఇంటర్ వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, ఏ డిగ్రీ వారికైనా 9,000 రూపాయలు. వీటిని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. మీరు ఒప్పందం రాసుకునే రోజున ఏ రేటు అమలులో ఉందో పోర్టల్‌లో చూసుకోండి. ఇది కనీస మొత్తం మాత్రమే, అంతకు మించి ఇచ్చే కంపెనీలున్నాయి. నాట్స్ కింద కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. నాప్స్ కింద నాలుగో వంతు, గరిష్ఠంగా 1,500 రూపాయలు భరిస్తుంది. కంపెనీవారితో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు మీకు పనికొస్తాయి. ఎలాగో ఆరో మెట్టులో చెబుతాను.

తొమ్మిది వేలతో హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె, భోజనం, బస్సు, మెట్రో చార్జీలు వెళ్లదీయడం కష్టం. ఇంట్లో ఉండి వెళ్లిరాగలిగిన దూరంలో వరంగల్, గుంటూరు, తిరుపతి, రాజమహేంద్రవరం లాంటి చోట మంచి ఆస్పత్రో, పాల డెయిరీయో, వస్త్ర దుకాణాల సంస్థో దొరికితే, నగరంలో పేరున్న ఏజెన్సీ కంటే దాన్నే ఎంచుకోండి. నెలాఖరుకు అప్పు చేయాల్సి వచ్చేవారికి పని మీద మనసు నిలవదు.

ఇంకా డిగ్రీ చదువుతూ ఉంటే మీకు మరో దారి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీలో భాగంగా మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. అందులో ఒక సెమిస్టరంతా బయట సంస్థలో గడపాలి. తెలంగాణలో కొన్ని కళాశాలలు రిటైల్ రంగపు నైపుణ్య మండలితో కలిసి బీబీఏ రిటైలింగ్ నడుపుతున్నాయి. అందులో చదువూ, దుకాణంలో శిక్షణా కలిసే సాగుతాయి. ఆ నెలల్ని ఎవరో ఇచ్చే ఉత్తుత్తి ధ్రువపత్రం కోసం వృథా చేసుకోకండి.

4. కాగితాలు, బ్యాంకు ఖాతా

ఆధార్, మార్కుల జాబితాలు, డిగ్రీ లేదా ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఫొటో, ఈమెయిల్, ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు. ఆధార్‌లోనూ, డిగ్రీ మీదా పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర సర్వసాధారణం, నమోదు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ప్రభుత్వ వాటా నేరుగా మీ ఖాతాలో పడుతుంది కాబట్టి ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలి. బ్యాంకులో ఆధార్ నకలు ఇచ్చినంత మాత్రాన ఆ పని అయిపోయినట్టు కాదు. ప్రభుత్వ చెల్లింపులు వచ్చే ఖాతాగా అది నమోదు కావాలి. మై ఆధార్ పోర్టల్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ తెరిస్తే ఏ బ్యాంకు నమోదై ఉందో కనిపిస్తుంది. అక్కడ మీరు వాడని పాత ఖాతా కనిపిస్తే బ్యాంకుకు వెళ్లి మార్పించుకోండి.

నాట్స్, నాప్స్ పోర్టళ్ల పేర్లతో నకిలీ సైట్లు కూడా తిరుగుతుంటాయి. చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసి తర్వాతే వివరాలు నింపండి. రెండు చోట్లా అభ్యర్థి నమోదు ఉచితం.

5. దరఖాస్తుకు ముందు ఒక నెల పని చేసి చూపించండి

ఈ మెట్టు దాటేసి దరఖాస్తు పెట్టేవారే ఎక్కువ. అందుకే దీన్ని చేసినవారు వెంటనే కళ్లలో పడతారు.

మీ వీధిలో ఒక చిన్న వ్యాపారాన్ని ఎంచుకోండి. జాకెట్లు కుట్టే దుకాణమో, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆవిడో, ట్యూషన్ కేంద్రమో ఏదైనా సరే. వెళ్లి మామూలుగా అడగండి: “అన్నా, మీ షాపు గూగుల్‌లో ఉంది గానీ ఫోన్ నంబరు పాతది కనిపిస్తోంది. నేను సరిచేసి పెడతాను, డబ్బు వద్దు. నేర్చుకుంటున్నాను.” కాదనేవారు తక్కువ.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. నంబరు, తెరిచే వేళలు, పండుగ సెలవులు సరిచేయండి. లోపలి ఫొటోలు పగటి వెలుతురులో మీరే తీయండి. పాత సమీక్షలకు యజమానితో మాట్లాడి జవాబులు రాయండి. ధ్రువీకరణ కోసం గూగుల్ తరచుగా దుకాణం వీడియో అడుగుతుంది. అది యజమాని ఖాతాలో, ఆయన ఫోన్‌తోనే జరగాలి. అంతా మీ ఖాతాలో పెట్టుకుంటే రేపు మీరు ఊరు మారినప్పుడు ఆయన చేతులు కట్టేసినట్టవుతుంది. ప్రొఫైల్‌లో ఫోన్ కాల్స్, దారి అడిగినవారి సంఖ్య కనిపిస్తాయి. మొదలుపెట్టిన రోజున ఎంత ఉన్నాయో, నెల తర్వాత ఎంత ఉన్నాయో రాసిపెట్టండి. పెరగకపోయినా దాచకండి. ఎందుకు పెరగలేదని మీరు అనుకుంటున్నారో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే, ఇంటర్వ్యూ చేసేవారికి ఆ మాటలే కావాలి.

తర్వాత అదే దుకాణానికి రెండు మూడు తెలుగు ప్రకటనలు రాయండి. ‘అత్యుత్తమ నాణ్యత, అతి తక్కువ ధర’ అనే వాక్యం ఏ దుకాణానికైనా అతుకుతుంది, కాబట్టి ఏ దుకాణానికీ పనికిరాదు. ‘దసరా జాకెట్లు: మహాలయ అమావాస్య లోపు గుడ్డ ఇస్తే సప్తమికి చేతికిస్తాం’ అని రాస్తే చీర కొని కుట్టేవారి కోసం వెతుకుతున్న ఆవిడ అక్కడే ఆగుతుంది. ఆ మాట రాయాలంటే ముందు దర్జీని కూర్చోబెట్టి, పండుగ వారంలో రోజుకు ఎన్ని కుట్టగలరో అడగాలి. నిలబెట్టుకోగల మాటనే ప్రకటనలో పెట్టాలి. తెలుగులో ఇలా సూటిగా రాయగలిగినవారు ఏజెన్సీలలో ఎప్పుడూ కొరతే. ఇది మీ బలం. దీన్ని రెజ్యూమెలో అడుగున ‘తెలిసిన భాషలు’ అనే వరుసకు వదిలేయకండి.

ఉచితంగా నేర్చుకోవడానికి గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడమీ, ప్రభుత్వ స్వయం వేదిక ఉన్నాయి. ఒకటి రెండు ధ్రువపత్రాలు చాలు. పదిహేను ధ్రువపత్రాలున్నా ఒక్క పనీ చేసి ఉండకపోతే ఎవరూ పట్టించుకోరు. స్ప్రెడ్‌షీట్ మాత్రం గట్టిగా నేర్చుకోండి. వడపోత, మొత్తాలు, పివట్ పట్టిక (పొడవైన జాబితాను వర్గాల వారీగా కూడి చూపే పట్టిక) వస్తే మొదటి నెల చాలావరకు గడిచిపోతుంది.

6. ఖాళీలు వెతకడం, లేనిచోట అడగడం

పోర్టళ్లలో ‘డిజిటల్ మార్కెటింగ్’ అని ఒక్క మాటతో వెతికి వదిలేయకండి. సేల్స్, రిటైల్, సోషల్ మీడియా, కంటెంట్, కస్టమర్ రిలేషన్స్ పేర్లతో కూడా చూడండి. ఒకే పనిని ఒక్కో సంస్థ ఒక్కో పేరుతో పెడుతుంది. జిల్లా ఉపాధి కార్యాలయాలు, పెద్ద కళాశాలలు నిర్వహించే అప్రెంటిస్‌షిప్ మేళాలకు వెళ్లండి. రెజ్యూమె ఇచ్చి వెనుదిరగకుండా, మార్కెటింగ్‌లో ఎవరి కింద పని చేయాలో అక్కడే అడగండి.

ప్రకటన లేని సంస్థలనూ అడగవచ్చు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కాంట్రాక్టు సిబ్బంది కూడా ఆ లెక్కలోకి వస్తారు. 4 నుంచి 29 మంది ఉన్నవారు తమ ఇష్టాన్ని బట్టి తీసుకోవచ్చు. మీ పట్టణంలోని 100 పడకల ఆస్పత్రి, నాలుగు శాఖలున్న వస్త్ర దుకాణం, ఇంటర్ కళాశాలల సంస్థ ఈ లెక్కలో పడతాయి. వారిలో చాలామంది ఆ సంఖ్యను యంత్రాల దగ్గరా, గోదాములోనూ నింపేస్తారు. మార్కెటింగ్‌లో కూడా తీసుకోవచ్చన్న ఆలోచన వారికి రాకపోవచ్చు.

మానవ వనరుల అధికారికి రాసే ఉత్తరం అర పేజీ దాటకూడదు. మీరెవరు, మీ నాట్స్ లేదా నాప్స్ నమోదు సంఖ్య ఏమిటి, ఆ దర్జీ దుకాణానికి ఏమి చేశారు, వారి సంస్థ గురించి మీరు గమనించిన ఒక్క విషయం. ఆ గమనించడానికి మెటా యాడ్ లైబ్రరీ ఉంది. ఏ సంస్థ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఇప్పుడు ఏ ప్రకటనలు నడుపుతోందో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ‘మీ కంటి ఆస్పత్రి ప్రకటనలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్‌కు వచ్చే పెద్దవారి పిల్లలు తెలుగులో చదివి ఇంట్లో చెప్పేలా రెండు నమూనాలు జతచేస్తున్నాను’ అని రాస్తే చదివే అవకాశం పెరుగుతుంది. స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా ఎంతో చివర ఒక్క వాక్యంలో చెప్పండి. చిన్న సంస్థలకు ఆ సంగతి తెలియకపోవచ్చు, యజమానిని ఒప్పించడానికి ఆ అధికారికి అది పనికొస్తుంది.

7. ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి

వినయంగానే, కానీ తప్పకుండా అడగండి. నేను రోజూ ఎవరి దగ్గర పని నేర్చుకుంటాను? ప్రకటనల ఖాతాలను చూసే అనుమతి, మార్చే హక్కు లేకపోయినా చూసే అనుమతైనా, ఇస్తారా? విచారణ చేసినవారిలో, అంటే ప్రకటన చూసి వివరాలు అడిగినవారిలో, ఎంతమంది చివరికి కొన్నారన్న లెక్క మార్కెటింగ్ విభాగానికి వస్తుందా? వారానికో సమావేశం ఉంటే అందులో నన్ను కూర్చోనిస్తారా? ముందు ఏడాది అప్రెంటిస్ ఇప్పుడు ఎక్కడున్నారు?

మూడో ప్రశ్నకు ‘ఆ లెక్క సేల్స్‌వారిది, మనకు అవసరం లేదు’ అని జవాబొస్తే, ఏడాదంతా పండుగ శుభాకాంక్షల పోస్టర్లు చేయించే అవకాశమే ఎక్కువ. మరో చోటు దొరికే వీలుంటే అటే వెళ్లండి.

8. ఒప్పందం చదివి సంతకం పెట్టండి

ఒప్పందంలో ట్రేడ్ పేరు, కాలం, స్టైపెండ్, శిక్షణ జరిగే చోటు ఉండాలి. ట్రేడ్ పేరు మీరు చేయబోయే పనికి దగ్గరగా ఉండాలి. చివర ధ్రువపత్రం మీద వచ్చేది ఆ పేరే. ఒప్పందం పోర్టల్‌లో నమోదైనట్టు మీ లాగిన్‌లో కనిపించాలి. ‘తర్వాత చేయిద్దాం, ముందు రండి’ అంటే నమోదయ్యే తేదీ ఎప్పుడో ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. నమోదు కాని నెలలు చట్టం లెక్కలోకి రావు.

స్టైపెండ్ మరుసటి నెల పదో తేదీలోగా చెల్లించాలని నిబంధన. పనివేళలు, సెలవులు సంస్థ విధానం ప్రకారం ఉంటాయి కాబట్టి వాటిని రాతలో అడగండి. పనిచేసే చోట గాయపడితే నష్టపరిహారం బాధ్యత యజమానిదే. మధ్యలో మానేయాల్సి వస్తే చెప్పకుండా వెళ్లిపోవద్దు, దానికి ప్రభుత్వం నియమించే అప్రెంటిస్‌షిప్ సలహాదారుకు దరఖాస్తు చేసుకునే పద్ధతి చట్టంలోనే ఉంది.

9. ఆ ఏడాదిని వాడుకోవడం

మొదటి నెలలో చాలా పనులు చప్పగా అనిపిస్తాయి. ఫోన్ నంబర్ల జాబితాలు శుభ్రం చేయడం, పోస్టులకు తేదీలు కట్టడం, బ్యానర్ ప్రింటింగ్ దగ్గర నిలబడటం. వాటినీ శ్రద్ధగా చేయండి. నమ్మకం కుదిరాకే ఖాతాల తాళాలు చేతికొస్తాయి.

తర్వాత లెక్కల దగ్గరికి రండి. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక శిక్షణ కేంద్రం రెండు ప్రకటనల మీద చెరి 6,000 రూపాయలు పెట్టిందనుకోండి. మొదటి దానికి 30 మంది వివరాలిచ్చారు, రెండోదానికి 18 మంది. ఒక్కో విచారణకు మొదటి దానిలో 200 రూపాయలు, రెండోదానిలో 333 రూపాయలు పడ్డాయి. ఇక్కడితో ఆగినవారు మొదటి ప్రకటనకే డబ్బు పెంచుతారు. కానీ ఫోన్లు చేసిన అమ్మాయి రిజిస్టరు తీసి చూడండి. మొదటి 30 మందిలో ఫీజు కట్టి చేరింది ఒక్కరు, రెండో 18 మందిలో అయిదుగురు. అంటే ఒక్కో విద్యార్థికి మొదటి ప్రకటనలో 6,000 ఖర్చయితే, రెండోదానిలో 1,200 మాత్రమే. మొదటి ప్రకటన మీద ‘ఉచిత డెమో’ అని పెద్ద అక్షరాలున్నాయి, రెండోదాని మీద ఫీజు ఎంతో, తరగతులు ఏ వేళకో రాసి ఉన్నాయి. ఎవరు ఎందుకు వచ్చారో అక్కడే తెలిసిపోతుంది.

ప్రకటనల ఖాతాలో కనిపించే అంకెల్ని రిజిస్టరులోని పేర్లతో జతకలిపే ఈ పనిని ఎవరూ మీకు అప్పగించకపోవచ్చు. మీరే అడిగి తీసుకోండి. వారానికోసారి ఫోన్లు చేసేవారి పక్కన గంట కూర్చుని, వద్దన్నవారు ఏ కారణం చెప్పారో రాసుకోండి. ఆ కారణాలలోంచే తర్వాతి ప్రకటన పుడుతుంది. సోమవారం ఉదయం ఒక పేజీ నివేదిక మీ పైవారి బల్ల మీద ఉండాలి: ఎంత ఖర్చు, ఎన్ని విచారణలు, ఎన్ని అమ్మకాలు, ఏది ఆపాలి, ఏది పెంచాలి. అడగకముందే ఇవ్వండి. రెండు మూడు నెలలయ్యాక సమావేశాల్లో ఆ పేజీ తెరవకుండా మాట్లాడరు.

కోర్సుల్లో అంతగా చెప్పని, ఆఫీసులో తప్పక ఎదురయ్యే నియమాలు కూడా నేర్చుకోండి. ప్రచార ఎస్ఎంఎస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియంత్రణల కింద సంస్థ, పంపేవారి పేరు, సందేశం నమూనా ముందే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ అయిన డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి. నమూనాలో ఒక మాట తేడా ఉన్నా సందేశం ఆగిపోవచ్చు. దసరా ఆఫర్ సందేశం పండుగ ముందురోజు ఆగిపోతే ఎంత నష్టమో ఊహించండి. పది రోజుల ముందే నమోదు చేయించే మనిషి ఆఫీసుకు అపురూపం. కోచింగ్ కేంద్రాల ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి పేరు, ఫొటో వాడాలంటే ఫలితం వచ్చిన తర్వాత అతని రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, అతను చదివిన కోర్సు ఏదో కూడా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో ర్యాంకుల ప్రకటనలు ఎంత ఎక్కువో మీకు తెలుసు. అలాంటి సంస్థలో చేరితే ఆ అనుమతి పత్రం ఉందా అని అడిగే మొదటి మనిషి మీరే కండి. వినియోగదారుల ఫోన్ నంబర్లను మీ సొంత ఫోన్‌లోకి ఎక్కించుకోవడం, బయటికి పంపడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. ఎవరు చెప్పినా సరే.

10. ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే

మూడు నాలుగేళ్లుగా సేల్స్‌లో ఉండి డిజిటల్ వైపు రావాలనుకునేవారికి నాట్స్ తలుపు చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. నాప్స్ ఆప్షనల్ ట్రేడ్లు చూడవచ్చు, కానీ జీతం వదులుకుని స్టైపెండ్‌కు దిగడం సంసారం ఉన్నవారికి మోయలేని భారం. అంతకంటే ముందు ఉన్న సంస్థలోనే అడగండి. మీకు వినియోగదారుల నోటిమాటలు తెలుసు, మార్కెటింగ్ విభాగానికి అవి కావాలి. వారానికి ఒక పూట అక్కడ పనిచేస్తానని, మూడు నెలల్లో ఒక ప్రకటన ప్రయత్నాన్ని మొదటి నుంచి చివరిదాకా చూస్తానని మేనేజరును ఒప్పించండి. ఆ విభాగానికి కొత్తగా అప్రెంటిస్‌లు వస్తుంటే, వారికి మార్కెట్ తిప్పి చూపించే బాధ్యత అడిగి తీసుకోండి. నేర్పేవారిగా లోపలికి వెళ్లడం కూడా ఒక దారే.

11. ఆఖరి రెండు నెలలు

పదో నెలలోనే పైవారిని కూర్చోబెట్టి ఉద్యోగం సంగతి సూటిగా అడగండి. ఏడాదిలో మీ చేతి మీదుగా వెళ్లిన ఖర్చెంత, వచ్చిన అమ్మకాలెన్ని, మీరు ఆపించిన ప్రకటన వల్ల మిగిలిందెంత అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ‘ఖాళీ లేదు’ అంటే బాధపడి ఊరుకోకుండా, వారికి తెలిసిన సంస్థలకు పరిచయం చేయమని అడగండి. అప్రెంటిస్‌ను ఉంచుకోలేకపోయినా మంచి మాట చెప్పి పంపేవారు చాలామందే ఉంటారు.

చేసిన పనిలో దేన్ని బయట చూపించుకోవచ్చో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. సంస్థ పేరు, ధరలు తీసేసి శాతాలు మాత్రమే ఉంచితే సాధారణంగా ఒప్పుకుంటారు. మీ ఆఫీసు ఈమెయిల్ మూసేయకముందే ఆ నమూనాలు సిద్ధంగా ఉండాలి. నాట్స్ వారికి శిక్షణ మండలి ఇచ్చే ప్రావీణ్య ధ్రువపత్రం రావాలంటే సంస్థ పంపాల్సిన నివేదికలు పోర్టల్‌లో పూర్తిగా ఉండాలి. నాప్స్ వారికి చివర మూల్యాంకనం ఉంటుంది, దాని తేదీ ముందే కనుక్కోండి. ధ్రువపత్రం వచ్చాక ట్రేడ్, తేదీలు, పేరు సరిగా ఉన్నాయో లేదో చూసి, తప్పుంటే మీ పైవారు ఇంకా అదే ఆఫీసులో ఉండగానే సరిచేయించుకోండి.